కడుపులోని అతుకులు

(మన పాఠశాల వార్షికోత్సవ సభలో తల్లిదండ్రుల నుద్దేశించి ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదికమీద నిలిచి పరీక్షాఫలితములను, హాజరు లెక్కలను, గదుల మరమ్మతును గూర్చి చెప్పుట మాకు అలవాటు. ఆ నివేదిక అచ్చై మీ చేతులలోనే యున్నది. దానినే తిరిగి చదివి మీ సమయమును వృథా చేయము. ఈ సాయంకాలము మరియొక విషయము చెప్పదలచితిమి. అది మన పాఠశాల కుక్క చుక్కను గూర్చినది. నవ్వు వచ్చినచో నవ్వుడు, దోషము లేదు. కాని కడదాక వినుడని మా మనవి.

గడచిన సంవత్సరము తల్లిదండ్రుల సభలో ఒక తండ్రిగారు లేచి, "అయ్యా, మూడవ తరగతి గది కారుచున్నది. బాగుచేయుటకు డబ్బు లేదందురు. వీధికుక్క కడుపు కోయించుటకు డబ్బెక్కడనుండి వచ్చినది? పిల్లలచేత డబ్బాలో పైసలు వేయించుట న్యాయమా?" అని అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. ఆనాడు మేము "పిల్లల ముచ్చట" అని మాట దాటవేసితిమి. అది సమాధానము కాదని ఆయనకు తెలియును, మాకును తెలియును. ఆ బాకీ నేడు తీర్చుకొనవలెను. ఆ సమాధానములో మా తప్పు ఒకటి కలదు. దానిని దాచక చెప్పెదము.

చుక్కను మీలో చాలమంది చూచియే యుందురు. నుదుటిమీద తెల్లని మచ్చ గలది. వ్యాధి కారణముగా పాఠశాల మూతబడియున్న దినములలో కావలివాని అన్నము తిని పెరిగినది. 2021 నవంబరులో చిన్న తరగతులు తిరిగి తెరచిననాటికి అది చింతచెట్టు క్రింద కూర్చుండి పిల్లలకు ఎదురు వచ్చెను. నాటినుండి అది ఒక్క బిడ్డనైనను కరవలేదు. ఏటేట పిచ్చికుక్కకాటు రాకుండ టీకా వేయించుచున్నాము. 2023 జూలైలో దానికి పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించితిమి. ఊరిలో కుక్కలు పెరుగకుండుటకు అదియే మంచి మార్గమని అందరును ఎరుగుదురు.

2024 నవంబరులో ఒక సోమవారమునాడు చుక్క ముందుకాళ్ళు నేలకు వంచి, వెనుకభాగము పైకెత్తి నిలిచియుండెను. చిన్నపిల్లలు "చుక్క దండము పెడతా ఉంది" అని చప్పట్లు కొట్టిరి. మేమును నవ్వితిమి. మధ్యాహ్నము అన్నము ముట్టలేదు. పచ్చని నీరు మూడుసార్లు కక్కినది. సాయంకాలమునకు కడుపు గట్టిపడినది. పట్టణములోని పశువైద్యులు దానిని చూచి, "ఇది దండము కాదండీ. కడుపునొప్పి భరించలేని కుక్క ఇట్లు నిలుచును" అనిరి. ఎక్స్‌రేలో ప్రేగులు గాలితో ఉబ్బి కనబడెను. ఆ రాత్రియే కడుపు తెరువక తప్పదని చెప్పిరి.

మేమును సైన్సు మాస్టరుగారును తలుపు అద్దములోనుండి కొంత చూచితిమి. పాత కుట్టు మచ్చ క్రింద, కడుపుగోడ లోపలి వైపున, నులక తాడు వంటి ఒక బిగువైన పోగు ప్రేగునకు అతుకుకొని యుండెను. ఆ పోగు క్రిందనుండి ప్రేగు మడత దూరి చిక్కుకొని, రక్తము అందక నల్లబడెను. డాక్టరుగారు ఆ పోగును కత్తిరించిరి. వెచ్చని సెలైను నీటితో తడిపిన గుడ్డలో ప్రేగును చుట్టి కొంతసేపు ఎదురుచూచిరి. చాలవరకు రంగు తిరిగి వచ్చెను. నాలుగంగుళములు మాత్రము రాలేదు. ఆ ముక్కను తీసివేసి రెండు కొనలను కలిపి కుట్టిరి. గర్భసంచి తీసిన చోట పాతది, లావైనది, అల్లిక దారమొకటి కనబడెను. దానిని గూడ తీసివేసిరి.

ఆ పోగులనే డాక్టర్లు అడ్హీషన్లు అందురు. మనము అతుకులు అనుకొందము. మేము వైద్యులము కాము. ఆ డాక్టరుగారు మాకు ఓపికతో చెప్పినదానిని, పిదప మేము చదివి తెలిసికొన్నదానిని మీకు చెప్పుచున్నాము.

కడుపు లోపల, గోడలకును ప్రేగులకును పైపూతవలె ఉల్లిపొరకన్న పలుచని పొర యొకటి యుండును. దాని పేరు పెరిటోనియమ్. అది ఎల్లప్పుడు తడిగా, నునుపుగా ఉండును. అందుచేతనే మనము తిన్నప్పుడు, నడచినప్పుడు ప్రేగులు ఒకదానిమీద ఒకటి జారునుగాని అంటుకొనవు. ఈ పొరకు గాయము తగిలినచో కొన్ని గంటలలోనే అచటినుండి జిగురువంటి ద్రవము ఊరును. అందులో ఫైబ్రిన్ అను సన్నని పోగులుండును. గాయపడిన రెండు చోట్లు దగ్గరగా ఉన్నచో ఆ జిగురు వాటిని కలిపి పట్టుకొనును.

ఇది చెడ్డపని కాదు. గాయము మానుటకు ఈశ్వరుడు పెట్టిన ఏర్పాటే. ఆ జిగురును కరగించు పదార్థమును గూడ ఆ పొరయే తయారుచేయును. అంతయు సవ్యముగా ఉన్నచో కొద్ది దినములలో జిగురు కరగిపోవును. ఇంచుమించు ఒక వారములో పొర మరల నునుపై మానిపోవును. కాని కరగించు శక్తి చాలనియెడల ఆ జిగురులోనికి నార నేయు కణములు వచ్చి చేరును. నార గట్టిపడును. అందులో రక్తనాళములు పుట్టును. పిమ్మట అది తనంతట తాను పోదు.

మన పిల్లలు పుస్తకములకు అట్టలు వేయుట చూచియుందురు. మైదా జిగురు పచ్చిగా ఉన్నప్పుడు కాగితమును మెల్లగా లేపవచ్చును. ఎండిన పిదప లాగినచో కాగితము చిరుగును. కడుపులోను అంతే. కావున అతుకులను విప్పుటకన్న పుట్టకుండ చూచుకొనుటయే మేలు. ఒకసారి కత్తిరించిన అతుకు తిరిగి పుట్టవచ్చును గూడ.

జిగురు కరగకుండ చేయునవి ఏవి? ప్రేగులను మోటుగా పట్టి నలుపుట, పొరను గాలికి ఎండనిచ్చుట, ఒక భాగమునకు రక్తము అందకుండ బిగించుట, లోపల రక్తపు గడ్డలు మిగులుట, గాజుగుడ్డ నూలుపోగులు గాని పొడి గాని లావైన దారములు గాని లోపల నిలుచుట, అన్నిటికన్న ముఖ్యముగా చీము పట్టుట. ఈ పట్టికను జ్ఞాపకముంచుకొనుడు. తరువాత దీనితో పని యున్నది.

ఇచట ఒక చిన్న చరిత్ర చెప్పవలెను, పిల్లలకును ఉపయోగపడును. అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడుండెను. ఆయన శస్త్రచికిత్స గదిలో పనిచేయు నర్సు కరోలిన్ హాంప్టన్ చేతులకు, క్రిములను చంపు పాదరసపు మందునీటివలన పుండ్లు పడెను. 1889-90 శీతకాలమున హాల్‌స్టెడ్ ఆమె కొరకు ఒక రబ్బరు కంపెనీచేత పలుచని చేతొడుగులు చేయించెను. తరువాత వారిరువురికి వివాహమాయెను. నర్సు చేతులను కాపాడుటకు పుట్టిన చేతొడుగు పిదప రోగిని కాపాడు సాధనమాయెను.

కాని మేలుతోపాటు ఒక కీడు గూడ వచ్చెను. రబ్బరు చేతొడుగు సులభముగా ఎక్కుటకు దానిలో పొడి చల్లుదురు. మొదట ఒక మొక్క పుప్పొడి వంటి పొడి, తరువాత టాల్కు, ఆ తరువాత మొక్కజొన్న గంజిపిండి వాడిరి. ఆ పొడి కడుపులో పడినచోట పొర మండి గట్టిపడి అతుకులు పుట్టునని క్రమముగా తెలిసెను. కొందరు శస్త్రవైద్యులు చేతొడుగులను పైనుండి కడిగి వాడిరి. కడపట 2016 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ఆహార ఔషధ శాఖ వైద్యములో పొడి చేతొడుగులను నిషేధించెను. ఆ నిషేధము 2017 జనవరినుండి అమలులోనికి వచ్చెను. ఒక మంచి వస్తువుతో వచ్చిన చిన్న కీడును తొలగించుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

మరియొక ముచ్చట. కడుపు లోపలి పొరలో చిరుగు మిగిలినచో దానిని లాగి కుట్టివేయవలెనని వెనుక చాలమంది నమ్మకము. ఇంగ్లండులో హారల్డ్ ఎల్లిస్ అను శస్త్రవైద్యుడు 1962లో ప్రకటించిన తన ప్రయోగములలో దీనిని జంతువులమీద పరీక్షించి చూచెను. కుట్టక విడిచిన చిరుగు చాలవరకు అతుకు లేకుండ మానెను. లాగి బిగించి కుట్టిన చోటనే రక్తము అందక అతుకులు పుట్టెను. బిగువుగా కుట్టినచో బాగుగా మానునని అనుకొనుట సహజము. కాని శరీరము ఆ మాటను అంగీకరింపలేదు. నేడు కుక్కలకు గూడ పొట్ట మూయునపుడు నడిమి తెల్లని పట్టెవంటి గట్టి పొరను మాత్రమే పట్టి కుట్టుదురు, లోపలి పలుచని పొరను వేరుగా కుట్టరు.

ఇక ఒక న్యాయము చెప్పవలెను. అతుకులన్నియు శత్రువులు కావు. మన హోసూరు పశువుల ఫారము పేరు వినని వారిచట లేరు. పశువులను పెంచిన ఇండ్లవారు గూడ మీలో ఎందరో కలరు. మేతతోపాటు మేకునో తీగ ముక్కనో మింగిన ఆవును మీరెరుగుదురు. ఆ మేకు పొట్ట సంచిని గుచ్చి బయటికి వచ్చినపుడు చుట్టును అతుకులు పుట్టి గోడవలె దానిని మూసివేయును. ఆ గోడ లేనిచో చీము కడుపంతట వ్యాపించును. కుక్క కడుపులోను ప్రేగులమీద వల పరచినట్లు కొవ్వుపొర యొకటి కలదు. మేకను కోసినప్పుడు దానిని చూచియుందురు. ఎచట పుండు పడినను ఆ పొర పోయి అంటుకొని కాపాడును. చుక్క ప్రేగును కుట్టిన పిదప డాక్టరుగారు ఆ కొవ్వుపొరనే తెచ్చి కుట్టుమీద కప్పిరి. "ఈ అతుకు మనకు కావలెను" అనిరి. కావలసినచోట అతుకు ప్రాణమును నిలుపును, కాని చోట ప్రాణమును తీయును.

మరియు కుక్కలకు ఈ బాధ మనుష్యులకు, గుర్రములకు వచ్చినంత తరచుగా రాదు. కుక్క శరీరమునకు జిగురును కరగించు శక్తి ఎక్కువ యని డాక్టర్లు చెప్పుదురు. కావున మీ ఇంటి కుక్కకు పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించుటకు ఈ మాటలు విని భయపడరాదు. చుక్కకు వచ్చినది అరుదైన ఆపద. అరుదైనది ఎట్లు వచ్చినదో చెప్పుటకే ఇంత దూరము వచ్చితిమి.

శస్త్రవైద్యుని చేతిలోని జాగ్రత్తలు ఇవి. అవయవములను వ్రేళ్ళతో మెత్తగా పట్టవలెను. బయట పెట్టిన ప్రేగులను వెచ్చని సెలైను నీటితో తడిపిన గుడ్డలతో కప్పి తడి ఆరనీయరాదు. పొడిగుడ్డతో రుద్దరాదు, అద్దవలెను. రక్తస్రావమును పూర్తిగా ఆపవలెను. కరగిపోవు సన్నని దారమును అవసరమైనంత మాత్రమే వాడవలెను. పొడిలేని చేతొడుగులు తొడుగవలెను. తుదకు కడుపును వెచ్చని సెలైను నీటితో కడిగి ఆ నీటిని తీసివేయవలెను. చిన్న రంధ్రములగుండ కెమెరాతో చేయు శస్త్రచికిత్సలో గాయము తక్కువ గనుక అతుకులును తక్కువ. అతుకు పడకుండ నడుమ పరచు పలుచని పొరలు మనుష్యులకు కలవు. గుర్రములకు జిగురువంటి ద్రవమొకటి కడుపులో పోయుదురు. అయితే ఇవి ఏవియు మెత్తని చేతికి, శుభ్రతకు బదులు కావని డాక్టరుగారు రెండుసార్లు చెప్పిరి.

ఇంతవరకు శస్త్రవైద్యుని వంతు. ఇక మన వంతు. మా తప్పు ఇచటనే యున్నది.

2023 జూలైలో చుక్కకు మొదటి శస్త్రచికిత్స జరిగిననాడు, రెండు దినములు అచటనే ఉంచుడని వారు చెప్పిరి. మరునాడు తనిఖీ అధికారులు పాఠశాలకు వచ్చుచుండిరి. కావలివాడు కుక్కయొద్ద ఉండిపోయినచో గేటు చూచువాడు లేడని మేము ఆ సాయంకాలమే తీసికొనివచ్చితిమి. మెడకు గరాటువంటి ప్లాస్టికు పట్టీ కట్టి పంపిరి. అది తగిలి అన్నము గిన్నె దొర్లుచున్నదని రెండవనాడు మేమే విప్పించితిమి. చుక్క కుట్లు నాకుట మొదలుపెట్టెను.

నాల్గవనాడు ఉదయము ఆరవ తరగతి బాలిక యొకతె ఆఫీసు గుమ్మములో నిలిచి, "సార్, చుక్క కుట్లకాడ తడిగా ఉంది. వాసన వస్తా ఉంది" అని చెప్పెను. మేము తల యెత్తకయే, "బెల్లు కొట్టినారు, క్లాసుకు పో" అంటిమి. మధ్యాహ్నము ఆ బిడ్డ తిరిగి వచ్చెను. అపుడు పసుపు రాయుమని అటెండరుతో చెప్పితిమి. డాక్టరుకు చూపలేదు. మూడు వారములకు గాయము పైకి మూతబడెను. "చూచితివా, మానినది" అని ఆ బాలికతో మేమే గర్వముగా అంటిమి.

పైకి మానినది. లోపల మానలేదు. ఆ చీము చర్మముతో ఆగక కుట్టుగుండ లోతునకు దిగియుండవచ్చునని, ఆ చోటనే ప్రేగు అతుకుకొన్నదని రెండవ డాక్టరుగారు చెప్పిరి. "మొదటి ఆపరేషను పిదప దినములు ఎట్లు గడచినవి?" అని ఆయన అడిగినపుడు మేము నిజమే చెప్పితిమి. ఆయన మమ్ము నిందింపలేదు. "దారము వలననో, చీము వలననో నేను తేల్చి చెప్పలేను. రెండును గావచ్చును. ఏడు దినములలో కరగవలసినది కరగలేదు, అంతే" అనిరి. మొదటి శస్త్రచికిత్స చేసినవారు లావు దారము వాడుట పొరపాటే గావచ్చును. కాని దారము మా కంటికి కనబడలేదు. తడి కనబడినది. వాసన వచ్చినది. ఒక బిడ్డ రెండుసార్లు వచ్చి చెప్పినది. మేము చెప్పిన పట్టికలో చీము ముఖ్యమైనదంటిమి గదా! దానిని ఆపుటకు మాకు దొరికిన అవకాశమును మేమే జారవిడిచితిమి.

ఇక డబ్బు మాట. రెండవ శస్త్రచికిత్సకు డాక్టరుగారు తమ శ్రమకు ఏమియు తీసికొనలేదు. మందులకును సూదులకును మాత్రము ఖర్చాయెను. పిల్లలు డబ్బాలో వేసినది 1,840 రూపాయలు. ఆ డబ్బా పెట్టుమని మేము చెప్పలేదు, వద్దనియు చెప్పలేదు. మిగిలినది మేము మా జీతములోనుండి ఇచ్చితిమి. సంఘము సొమ్ముగాని పాఠశాల సొమ్ముగాని ఒక్క పైసయు దానికి ముట్టలేదు. మూడవ తరగతి గది పైకప్పు పని ఈ వేసవిలో సగము జరిగినది. మిగిలిన సగమునకు సంఘమువారు తీర్మానము చేసిరి. పిల్లల డబ్బు తీసికొనుట న్యాయమా యని అడిగిన ఆ తండ్రిగారికి మా సమాధానమిది: న్యాయము కాదు. మా నిర్లక్ష్యమునకు అయిన ఖర్చులో పిల్లలు పాలు పంచుకొనవలసివచ్చినది. ఆ 1,840 రూపాయలను మేము పిల్లల గ్రంథాలయ నిధికి జమకట్టితిమి. రసీదు ఆఫీసులో చూడవచ్చును.

రెండవసారి మేము తొందరపడలేదు. ప్రేగు కుట్టిన పిదప మూడవ దినమునుండి ఐదవ దినము వరకు కుట్టు విడిపోవు భయము ఎక్కువని చెప్పుటచేత ఆ దినములు చుక్కను వైద్యశాలలోనే ఉంచితిమి. పిదప పిల్లలు వంతులు వేసికొని ఒక నోటుపుస్తకములో ఉదయము, సాయంకాలము వ్రాసిరి: తిన్నదా, కక్కినదా, విరేచనమైనదా, కుట్టు ఎట్లున్నది. సైన్సు మాస్టరుగారు జ్వరము చూచిరి. ఆరోగ్యముగా ఉన్న కుక్క వేడి ఫారన్‌హీటు లెక్కలో సుమారు 101 నుండి 102.5 డిగ్రీలుండునని, మనకు జ్వరమైనది దానికి సహజమని పిల్లలు అపుడు నేర్చుకొనిరి.

కుక్కలను పెంచు ఇండ్లవారు ఈ కొద్ది మాటలు గుర్తుంచుకొనుడు. శస్త్రచికిత్స ముందురోజు ఎప్పటినుండి అన్నము పెట్టరాదో డాక్టరును అడిగి అట్లే చేయుడు. పిదప పది పదునాలుగు దినములు పరుగు, దూకుడు, మెట్లెక్కుట కూడదు. అయినను కట్టివేసి పడుకొనబెట్టరాదు. మెడపట్టీ పట్టుకొని మెల్లగా నడిపించినచో ప్రేగులకు కదలిక వచ్చును. గరాటు పట్టీ అందవికారముగా ఉన్నను విప్పకుడు. గిన్నెను ఎత్తుమీద పెట్టిన సరిపోవును, ఈ ఉపాయము మాకు ఆలస్యముగా తోచినది. స్నానము చేయింపరాదు. పసుపు, బూడిద, నూనె గాయమునకు రాయరాదు. ఇచ్చిన మందులు చెప్పినన్ని దినములు పూర్తిగా వేయవలెను. మన తలనొప్పి మాత్రలు, ఒళ్ళునొప్పుల మాత్రలు కుక్కకు ఎన్నటికిని వేయరాదు. వాటిలో ఐబుప్రొఫెన్ వంటివి దానికి విషము. దినమునకు రెండుసార్లు కుట్టును వెలుతురులో చూడుడు. తడి, వాపు, వాసన, మరల మరల కక్కుట, ఒక దినమంతయు తినకపోవుట, విరేచనము కాకపోవుట, లేదా ఆ "దండము" భంగిమ కనబడినచో ఆనాడే తీసికొనిపోవుడు. శస్త్రచికిత్స అయి నెలలు, ఏండ్లు గడచినను ఈ గుర్తులను తేలికగా చూడరాదు. క్రొత్త డాక్టరైనచో, పూర్వము కడుపు కోత జరిగినదని మొదటనే చెప్పుడు.

తల్లులకు ఒక మాట. ఇది కుక్కల సంగతి మాత్రమే కాదు. కడుపు కోత జరిగిన మనుష్యులలో ఎక్కువమందికి లోపల కొన్ని అతుకులుండును. చాలమందికి అవి ఏ బాధయు కలిగింపవు. కొందరికి కలిగించును. 1999లో ప్రకటితమైన స్కాట్లండు దేశపు పరిశీలన ప్రకారము, కడుపు తెరచి శస్త్రచికిత్స చేయించుకొన్న ప్రతి మువ్వురిలో ఇంచుమించు ఒకరు పదేండ్లలోపల అతుకుల వలననో, అతుకులచే చిక్కు కాగల మరియొక శస్త్రచికిత్స కొరకో తిరిగి ఆసుపత్రిలో చేరిరి. మీలో ఆపరేషనుతో కాన్పు అయినవారు, అపెండిక్సు తీయించుకొన్నవారు కలరు. ఆ కాగితములను పారవేయకుడు. ఏండ్ల తరువాత కడుపు ఉబ్బి, వాంతులై, విరేచనము, గాలి ఆగిపోయినచో అజీర్ణమని సోడా త్రాగి కూర్చుండకుడు. పాత కోత సంగతి డాక్టరుకు చెప్పుడు. చుక్క చెప్పలేకపోయినది. మీరు చెప్పగలరు.

చుక్క నేటికి బాగున్నది. ఈ సభకు వచ్చునపుడు గేటుదగ్గర మీరు దానిని చూచియే యుందురు. అయినను కత్తిరించిన చోట అతుకు మరల పుట్టవచ్చునని డాక్టరుగారు హెచ్చరించిరి. కావున పిల్లలు ఆ నోటుపుస్తకమును మూయలేదు. వారమునకొకసారి వ్రాయుచున్నారు.

ఆ నోటుపుస్తకమును చూచి మేము ఆఫీసు గుమ్మమువద్ద మరియొక పుస్తకము పెట్టితిమి. ఏ తరగతి బిడ్డయైనను తాను చూచినదానిని అందులో వ్రాయవచ్చును. పేరు వ్రాయవలసిన పనిలేదు. గోడ పగిలినదనవచ్చును, కొళాయి నీరు వాసన యనవచ్చును, తోటి బిడ్డ ఏడ్చుచున్నదనవచ్చును. ఆ సాయంకాలము గేటు మూయకముందు మేము చదివి, ఏమి చేసితిమో ప్రక్కన వ్రాసి సంతకము చేయవలెను. ఇప్పటికి నలువదికి పైగా సంగతులు వ్రాయబడినవి. వానిలో ఐదు మా తప్పులు. చదువునపుడు సంతోషముగా ఉండదు. అయినను చదువుచున్నాము.

ఆ నాల్గవనాటి ఉదయము గుమ్మములో నిలిచిన బాలిక నేడు ఎనిమిదవ తరగతిలో నున్నది. ఈ సభలోనే కూర్చున్నది. పేరు చెప్పి ఆమెను సిగ్గుపరచము. కాని ఆమె తల్లిదండ్రుల యెదుట ఈ మాట చెప్పవలసియున్నది: అమ్మా, ఆనాడు నీవు చూచినది నిజము. మేము వినలేదు. తప్పు మాది.

బిడ్డ మనతో ఒక మాట చెప్పవచ్చినపుడు మనము తల యెత్తక పంపివేసినచో ఆ మాట పోదు. లోపలనే యుండి, కాని చోట అతుకుకొనును. ఏడు దినములలో మెత్తగా కరగవలసినది ఏండ్ల తరువాత కత్తితో గాని విడదు. మీ ఇండ్లలోను, మా బడిలోను దీనిని మరువకుందము.

 ఆ తండ్రిగారు ఈ సభకు వచ్చియున్నచో, పిదప ఆఫీసునకు వచ్చి రసీదు చూచుకొని, మాతో ఒక కప్పు కాఫీ త్రాగి వెళ్ళవలెనని మా కోరిక.